రాగి వల, బంగారపు ఉంగరం

తాష్కెంట్,
14 సెప్టెంబర్ 1983

అంజిరత్ అత్తయ్యకి మీ ముయస్సర్ సలాము.

బస్సు కదులుతుంటే మీరు కిటికీలోంచి నా ఒళ్లో పడేసిన రొట్టెల మూటని హాస్టలంతా కలిసి తినేసింది. కోకంద్ రొట్టె అంటే ఇక్కడివాళ్లకి ఇంత మోజని నాకు తెలీదు. ఈసారి మూట కాదు, బస్తా పంపండి.

నాన్న ఉత్తరాలు రాయడు. చదివినా చదివానని చెప్పడు. అందుకే మీకు రాస్తున్నాను. ఆయనకి మీరే చదివి వినిపించండి.

ఉద్యోగం బాగుంది. మా పరిశోధనాలయంలో కింది అంతస్తులో, కిటికీలు లేని గదిలో, నాకంటే ఎత్తైన ఒక ఇనుప స్తంభం ఉంది. అదే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. మామూలు మైక్రోస్కోపులో వెలుతురుతో చూస్తాం. ఇందులో వెలుతురు బదులు ఎలక్ట్రాన్లని వస్తువులోంచి అవతలికి పంపుతాం. అవి కింద ఒక తెర మీద పడితే ఆ తెర ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపులో కనిపించేవి ఎంత చిన్నవంటే, మీ తల వెంట్రుక వాటి పక్కన ఫెర్గానా కాలువంత ఉంటుంది. గదిలో దీపాలన్నీ ఆర్పేయాలి. పై అంతస్తుకి లిఫ్టు కదిలినా బొమ్మ వణుకుతుంది. అందుకని నేను ఫోటో తీసేటప్పుడు లిఫ్టు తలుపుకి చీటీ తగిలిస్తాను. మెట్లెక్కుతూ అందరూ నన్ను తిట్టుకుంటున్నారు.

కొండల్లో జర్‌బులాక్ అనే ఊళ్లో సిలికాన్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ సిలికాన్‌ని కరిగించి, స్ఫటికంగా పెంచి, అద్దంలాంటి పలకలుగా కోస్తారు. ఆ పలకల మీద ఎండ పడితే కరెంటు పుట్టాలి. ఈ ఏడాది వచ్చిన పలకలు మాత్రం సగానికి సగం మందకొడిగా ఉన్నాయి. కారణం కనిపెట్టమని మా ఇనోయత్ మాస్టారు నాకు అప్పగించారు. ఆయన మంచివారు. టీ తాగుతూ కప్పు ఎక్కడ పెట్టారో మరిచిపోయి ఇంకో కప్పు పోసుకుంటారు.

ఒక్కటే భయం. ఈ యంత్రం మా దగ్గరెందుకు, తమకివ్వమని వేరే ఊరి పరిశోధనాలయంవాళ్లు పై అధికారుల చెవిలో వేశారు. కొత్త సంవత్సరం దగ్గర పడ్డాక కమిటీ వస్తుంది. అప్పటికి మేం పనికొచ్చేది ఏదీ చూపించకపోతే, దీన్ని విప్పి పెట్టెల్లో సర్దుకుపోతారు. మాస్టారు పదేళ్లు తిరిగి తెప్పించుకున్న యంత్రం.

మావయ్య లారీకి కొత్త టైర్లు వచ్చాయా?

మీ ముద్దుల మేనకోడలు,
ముయస్సర్


కోకంద్,
25 సెప్టెంబర్ 1983

బంగారుతల్లి ముయస్సర్‌కి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికి మేమంతా పక్కింటి రోబియా ఇంట్లో పరుపులు కుడుతున్నాం. నా కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను కాబట్టి రోబియా పైకి చదివింది. కిటికీలు లేని గది అనగానే అందరి సూదులూ ఆగిపోయాయి. చదువుకున్న పిల్లని కిందింటి చీకట్లో కూర్చోబెట్టడమేమిటే? జైల్లో కూడా కిటికీ ఉంటుందంది రోబియా. కళ్లకి మంచిదని ఎండు ఆప్రికాట్లు పంపుతున్నాను. రోజూ నానబెట్టుకు తిను. మీ మాస్టారికీ పెట్టు. కప్పులు మరిచిపోయే మనిషికి ఆప్రికాట్ల కంటే అక్రోటు కాయలు మంచివి, అవీ వేశాను.

నీ రాతలో నాకు అర్థమైంది ఇది: ఫ్యాక్టరీవాళ్లు పలకలు పంపితే అవి పని చెయ్యడం లేదు. ఇందులో చీకట్లో చూసేదేముంది? వెనక్కి పంపేయండి. నేను బజార్లో పుచ్చిన ముల్లంగి వస్తే మైక్రోస్కోపు పెట్టి చూస్తానా, అమ్మినవాడి మొహాన కొడతాను గానీ.

మీ నాన్నకి చదివి వినిపించాను. "ఊ" అన్నాడు. సంతోషించాడనే అర్థం.

ఇంకో మాట. మన వీధి చివర పళ్ల డాక్టరు ఉన్నాడే, సుహ్రాబ్, వాళ్లమ్మ నేను వంట చేసే పిల్లల బడి దాకా వచ్చి నీ గురించి అడిగింది. నేనేం మాటివ్వలేదు. నీకు నచ్చినవాడు అక్కడే ఉంటే ముందే చెప్పు, ఇక్కడ నేను నోరు జారకుండా ఉంటాను.

టైర్లు రాలేదు. మావయ్య పాతవాటితోనే మాట్లాడుకుంటూ నడుపుతున్నాడు.

అంజిరత్ అత్తయ్య


తాష్కెంట్,
20 అక్టోబర్ 1983

అత్తయ్యా,

దొరికింది. పలకలో మరకలు దొరికాయి.

వాటిని చూడటానికి పడ్డ పాట్లు వినండి. ఎలక్ట్రాన్లు దూరిపోవాలంటే పలక ఉల్లిపొర కన్నా పల్చగా ఉండాలి. అరగదీసి, మళ్లీ అరగదీసి, చివరికి ఆమ్లంలో ముంచి, నడిమధ్య చిల్లు పడే దాకా కరిగిస్తాను. ఆ చిల్లు అంచున ఉన్న పల్చటి పొరే నాకు పనికొస్తుంది. ఇంకొక్క క్షణం ఉంచితే అదీ కరిగిపోతుంది. తుమ్ము వచ్చినా పోతుంది. ఎన్ని పోగొట్టానో మాస్టారు అడగలేదు, నేను చెప్పలేదు.

మొన్న ఒకటి నిలిచింది. దాన్ని రాగి వల మీద పరిచి యంత్రంలో పెట్టాను. పల్చని పొర చిరగకుండా కింద ఆసరాగా ఉండే గుండ్రటి చిన్న జల్లెడని మేం రాగి వల అంటాం. దీపాలార్పి చూశాను. స్ఫటికం లోపల నల్లటి చుక్కలు, ఈగలు వాలినట్టు, వరసగా. యంత్రం పక్కనే ఎక్స్-రేలు కొలిచే పరికరం ఉంది, ఏ చుక్కలో ఏ లోహం ఉందో అది చెబుతుంది. రాగి అంది. సిలికాన్‌లోకి రాగి చేరితే ఇక ఆ పలకకి కరెంటు పుట్టించే ఓపిక ఉండదు.

మాస్టారు ఫ్యాక్టరీకి ఫోను చేస్తే, స్ఫటికాల విభాగం ఇంజనీరు ఎసెన్‌బెక్ అనే కిర్గిజ్ అతను వెంటనే వచ్చాడు. పొడుగ్గా ఉంటాడు, టోపీ తియ్యడు. నా ఫోటోలు చూశాడు. అందరూ ఉన్న గదిలో నన్ను అడిగాడు.

"దేని మీద పెట్టి చూశారు?"

"వల మీద."

"ఆ వల దేంతో చేసింది?"

"రాగితో."

"రాగి వల మీద పెట్టి మా పలకలో రాగి ఉందంటారేంటండీ? మీరు చూస్తున్నది మీ గిన్నెని, మా పులుసుని కాదు."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు. నాకు చెవులు కాలిపోయాయి. నేను ఆ చుక్కల మీదే కొలిచాను, వల మీద కాదు. కానీ ఎలక్ట్రాన్లు అటూ ఇటూ చెదిరి వలని కూడా తాకుతాయి, అది నిజమే. నేను కాదనలేకపోయాను. "మీరు అబద్ధం ఆడుతున్నారనను, కానీ మీ మాట పట్టుకుని మా కొలిమిని ఆపలేను" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నాకు ఒకటే దారి. బంగారపు ఉంగరం కావాలి అత్తయ్యా. చిన్నదైనా చాలు. మాస్టారు కూడా అదే అంటున్నారు. మా ఆఫీసులో అడిగితే అనుమతి వచ్చేసరికి వసంతం వస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. ఆ ఉంగరం లేకపోతే ఎసెన్‌బెక్ ముందు నేను తలెత్తుకోలేను.

ఇదంతా మనసులో పెట్టుకుని నిద్ర పట్టడం లేదు. ఆప్రికాట్లు బాగున్నాయి.

ముయస్సర్


కోకంద్,
1 నవంబర్ 1983

ముయస్సర్,

నీ ఉత్తరం ఈసారి నేనే చదివాను. రోబియాకి ఇవ్వలేదు. మంచిదైంది.

ఏమే పిల్లా, ఒక్క నెలలో ఇంత జరిగిందా? పొడుగ్గా ఉంటాడు, టోపీ తియ్యడు అని రాశావు. అది చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నచ్చనివాడి టోపీ సంగతి ఎవరు రాస్తారు? సరే, కిర్గిజ్ అయితేనేం, మన వీధిలో ముగ్గురు కిర్గిజ్ కోడళ్లున్నారు, బంగారంలాంటి పిల్లలు. కానీ ఉంగరం మనం పెట్టడమేమిటి? ఎక్కడైనా ఉందా? వాళ్లు తేవాలి, వాళ్లమ్మ రావాలి, తెల్ల గుడ్డ పరిచి రొట్టె విరవాలి. వసంతానికి ఆలస్యమైపోతుంది, తలెత్తుకోలేను అని రాశావే, ఆ మాట చదివి నేను పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. ఏం జరిగిందో నేను అడగను. నువ్వు చెప్పేదాకా అడగను. ఆడపిల్లని నలుగురిలో నవ్వులపాలు చేసి, మాట మార్చి, కొండెక్కి కూర్చున్నాడు కదా ఆ పెద్దమనిషి.

మీ నాన్నకి చెప్పలేదు.

మావయ్యకి తాష్కెంట్ లోడు పడింది, ఈ ఉత్తరం ఆయన చేతే పంపుతున్నాను. అందులో చిన్న గుడ్డ మూట ఉంది. నా పెళ్లినాటి ఉంగరం. ఇప్పుడు వేలికి ఎక్కడం లేదు, వంటింట్లో పిండి పిసికేదానికి ఉంగరమెందుకు. నీకు ఏది అవసరమైతే అది చేసుకో.

ఎక్కడ రాయాలో అక్కడ నేనూ ఒక ఉత్తరం రాశాను. ఏం రాశానో అడక్కు. నీ వెనక ఒక మనిషి ఉందని వాళ్లకి తెలియాలి.

ధైర్యంగా ఉండు తల్లీ. సరిగ్గా తిను, ఇప్పుడు మరీ.

అత్తయ్య


తాష్కెంట్,
22 నవంబర్ 1983

అత్తయ్యా,

మావయ్య హాస్టల్ ముందు లారీ ఆపి, దిగి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, "బాగానే ఉన్నావే" అని ఆశ్చర్యపోయారు. ఎందుకలా అన్నారో మీ ఉత్తరం చదివాక తెలిసింది. మొదట నవ్వొచ్చింది. నా గదిలో అమ్మాయిలకి చదివి వినిపిస్తే వాళ్లు మంచాల మీద పడి దొర్లారు.

నాకు కావలసింది వేలికి పెట్టుకునే ఉంగరం కాదు. రాగి వల బదులు వాడటానికి, మధ్యలో చిల్లున్న చిన్న బిళ్ల. దాన్ని మేం ఉంగరం అంటాం. శనగపప్పు కంటే చిన్నది. రాగి కాని లోహం కావాలి, బంగారమైతే అన్నిటికన్నా మేలు. అప్పుడు కూడా రాగి కనిపిస్తే అది పలకలోదే అని ఎసెన్‌బెక్ ఒప్పుకోవాలి. అంతే. నాకు ఏమీ జరగలేదు. నేను ఎప్పటిలాగే ఉన్నాను.

ఇక నవ్వురాని సంగతి. నిన్న జర్‌బులాక్ ఫ్యాక్టరీ డైరెక్టరు నుంచి మాస్టారికి కాగితం వచ్చింది. మీరు ఎక్కడ రాయాలో అక్కడ రాశానన్నది ఆయనకేనని అప్పుడు తెలిసింది. ఆ ఉత్తరం ఆయన ఫ్యాక్టరీ సమావేశంలో పైకి చదివారట. "ఇది రాగి సంగతి కాదు, ఒక అబ్బాయికీ ఒక అమ్మాయికీ మధ్య తగాదా. ఇందుకోసం నేను కొలుములు ఆపాలా" అన్నారట. ఎసెన్‌బెక్‌ని నిలబెట్టి సంజాయిషీ రాయించుకున్నారు. మా ఫోటోలు చూడకుండానే తిప్పి పంపారు. కమిటీకి కూడా ఇదే చెబుతామన్నారు.

మాస్టారు ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టారు. పోసుకున్న టీ తాగకుండా పట్టుకు కూర్చున్నారు.

ఎసెన్‌బెక్ నుంచి ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది: "మీ మేనత్తగారికి నేనేం చేశాను?"

నేనేం జవాబు రాయను అత్తయ్యా? మీరు ఏం రాశారు అందులో?

మీ ఉంగరం నా పెట్టెలో ఉంది. దాన్ని కోయించడానికి మనసు ఒప్పలేదు. అసలు ఇప్పుడు కోయించినా ఎవరు వచ్చి చూస్తారు.

ముయస్సర్


కోకంద్,
12 డిసెంబర్ 1983

ముయస్సర్‌కి,

దీవెనలు రాయడానికి మొహం చెల్లడం లేదు, అయినా రాస్తున్నాను. దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడి వంటింట్లో పిల్లలకి ఉప్పు లేని జావ పోశాను. మూడో రోజు సెలవు పెట్టి జర్‌బులాక్ బస్సెక్కాను. మావయ్య వద్దన్నాడు. "ఒక ఉత్తరంతో ఇంత చేశావు, మనిషివే వెళితే ఫ్యాక్టరీ మూతపడుతుంది" అన్నాడు. వినలేదు.

కొండల్లో మంచు పడుతోంది. అందరూ దిగి తోస్తే గానీ బస్సు కొండ ఎక్కలేదు. నేనూ తోశాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాడు "ఎవరు కావాలి" అన్నాడు. నా పేరు చెప్పాను. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీరేనా ఆవిడ?" అన్నాడు. అంటే నా ఉత్తరం గేటు దాకా తెలిసిందన్నమాట.

డైరెక్టరు పెద్ద బల్ల వెనక కూర్చున్నాడు. ఎసెన్‌బెక్‌ని కూడా పిలిపించాడు. నిజమే, టోపీ తియ్యడు. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఈ ఉత్తరం మీదేనా?" అన్నాడు డైరెక్టరు.

"నాదే. రాత నాది, కోపం నాది, తప్పు నాది. పిల్లకి తెలీదు. తెలిస్తే రాయనిచ్చేది కాదు."

"ఇందులో మా ఇంజనీరు మీ అమ్మాయికి మాటిచ్చి తప్పాడని ఉంది."

"ఉంది. అది అబద్ధం. ఉంగరం అంటే వేలికి పెట్టుకునేదే అనుకున్నాను. వీళ్ల ఉంగరం శనగపప్పంత ఉంటుందట, నాకెలా తెలుస్తుంది?"

ఎసెన్‌బెక్ అప్పుడు గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడే.

డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "మరి రాగి సంగతేంటి?" అన్నాడు.

"ఆ సంగతి నాకు తెలీదు బాబూ. తెలీని సంగతి మీద రాసినందుకే ఇంత దూరం మంచులో వచ్చి మీ ముందు నిలబడ్డాను. మీకు తెలిసిన పని కదా, మీరు ఫోటోలు చూడకుండా ఎందుకు తిప్పి పంపారు?"

ఆయన పెన్ను తీసుకుని మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి ఎసెన్‌బెక్ అన్నాడు, "నేను వెళ్లి చూస్తాను. నా పలక నేనే తీసుకెళ్తాను. నేనే పల్చన చేస్తాను. అప్పుడూ రాగి కనిపిస్తే నేను ఒప్పుకుంటాను, కనిపించకపోతే వాళ్లు ఒప్పుకోవాలి." డైరెక్టరు చెయ్యి ఊపాడు. అతన్ని తాష్కెంట్ వెళ్లమనో, అందరం బయటికి పొమ్మనో తెలీలేదు. మేం వెళ్లమనే అనుకున్నాం.

బస్సు లేకపోతే ఆ రాత్రి ఎసెన్‌బెక్ ఇంట్లోనే పడుకున్నాను. పాలు పోసిన టీ, నూనెలో వేయించిన పిండి ముక్కలు. ఆ అబ్బాయికి పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. చిన్నది నా ఒళ్లోంచి దిగలేదు. ఈ సంగతి నువ్వు అతని టోపీ గురించి రాసిన ఉత్తరంలోనే రాసుంటే నాకు ఇంత ప్రయాణం తప్పేది. భార్య పేరు గుల్‌బారా, మంచి పిల్ల. నేను రాసిన ఉత్తరం తనకి చెప్పినప్పుడు, "అయితే ఈయన మాటిచ్చే రకమే అనుకున్నారన్నమాట, నాకైతే ఇన్నేళ్లలో ఒక్క మాట ఇవ్వలేదు" అని నవ్వింది.

ఉంగరం కోసెయ్. సందేహించకు. పెళ్లిలో మావయ్య దాన్ని నా వేలికి పెట్టబోయి జారవిడిచి, జనం కాళ్ల కింద వెతుక్కున్నాడు. అంతకంటే దానికి జరిగే అవమానం లేదు.

నా మీద కోపం ఉంటే ఉంచుకో, కానీ తిండి మాత్రం మానకు.

అత్తయ్య


తాష్కెంట్,
27 డిసెంబర్ 1983

మా అత్తయ్యకి వెయ్యి సలాములు.

కోపం మీ ఉత్తరం రెండో పేజీలోనే పోయింది. గోడవైపు తిరిగి నవ్విన సంగతి ఎసెన్‌బెక్ నాకు వేరేగా చెప్పాడు. తనకి జలుబు చేసిందన్నాడు.

అతను రాకముందే చోర్సూ బజార్లో ఒక నగల పనివాడి దగ్గరికి వెళ్లాను. ఉంగరం వెనకవైపు నుంచి చిన్న తునక కోసి, నగ గట్టిపడటానికి అందులో కలిపే రాగంతా తీసేసి మేలిమి చేసి, రేకులా సాగగొట్టి, బిళ్ల చేసి చిల్లు పెట్టమన్నాను. "ఏ బొమ్మకి చెవిపోగు?" అని అడిగాడు. సిలికాన్‌కి అన్నాను. పేరు కొత్తగా ఉంది, ఏ ఊరమ్మాయి అన్నాడు.

ఎసెన్‌బెక్ తన పలక రుమాల్లో చుట్టి తెచ్చాడు. అన్నట్టుగానే తనే అరగదీశాడు. మొదటిది ఆమ్లంలో కరిగిపోయింది. రెండోది విరిగింది. మూడోది తను తుమ్మడంతో ఎగిరిపోయింది, గదంతా మోకాళ్ల మీద వెతికాం. "మీరు రోజూ ఇదే చేస్తారా?" అన్నాడు. అవునన్నాను. అప్పుడు మొదటిసారి టోపీ తీసి మేకుకి తగిలించాడు.

నాలుగోది నిలిచింది. యంత్రంలో ముందు ఖాళీ బంగారపు బిళ్ల ఒక్కటే పెట్టి కొలవమన్నాడు. రాగి లేదు. మంచి అనుమానమే అది, నేనూ అదే చేసేదాన్ని. తర్వాత దాని మీద తన పలక పెట్టాం. లిఫ్టుకి చీటీ తగిలించాను. దీపాలార్పాను. కుర్చీ అతనికిచ్చి నేను వెనక నిలబడ్డాను.

ఆకుపచ్చ వెలుగులో అతని మొహం ఒక్కటే కనిపిస్తోంది. చక్రం తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"ఇవేనా?"

"అవే."

"కొలవండి."

కొలిచాను. పరికరం రాగి దగ్గర నిటారుగా గీత గీసింది. ఇంకో చుక్క మీద కొలవమన్నాడు. అక్కడా రాగే. చుక్క లేనిచోట కొలవమన్నాడు. ఏమీ లేదు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇది మా ఇంట్లోదే" అన్నాడు.

నేను గెలిచానని గంతులేస్తాననుకున్నాను ఇన్నాళ్లూ. తీరా ఆ మాట విన్నాక అతన్ని చూస్తే జాలేసింది. మాస్టారు దీపం వేసి టీ తెచ్చారు. ఒకే మనిషికి రెండు కప్పులు ఇచ్చారు, నాకు ఇవ్వలేదు.

మర్నాడు కమిటీ వచ్చింది. ఎసెన్‌బెక్ వెళ్లకుండా ఆగి, వాళ్లకి తనే చూపించాడు. "జబ్బు తెలిసింది సరే, నయమవుతుందా?" అన్నారు కమిటీ పెద్ద. వసంతం దాకా గడువు ఇచ్చారు. అప్పటికి ఫ్యాక్టరీ నుంచి శుభ్రమైన పలక రావాలి. రాకపోతే యంత్రం వెళ్లిపోతుంది.

రాగి ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి ఎసెన్‌బెక్ వెనక్కి వెళ్లాడు. మీకు సలాములు చెప్పమన్నాడు, ఇక మీదట తనకి నేరుగా రాయమన్నాడు, డైరెక్టరుకి కాదు.

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

మీ ముయస్సర్


కోకంద్,
20 జనవరి 1984

తల్లీ ముయస్సర్,

కళ్లజోడు మీద మావయ్య కూర్చున్నాడు. కొత్తది వచ్చేదాకా మళ్లీ రోబియానే చదివిపెడుతోంది. మనుషులు మాట్లాడుకునే చోట రాగాలు తీసి చదువుతుంది. సైన్సు వచ్చిందంటే చాలు, "ఇది మనకి కాదు" అని పేజీ తిప్పేస్తుంది. అయినా ముఖ్యమైంది అర్థమైంది: దొంగ ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు, రాగి పోతోంది, ఎసెన్‌బెక్ పట్టుకోవడానికి వెళ్లాడు. జాగ్రత్తగా ఉండమను. రాగి దొంగలు మంచివాళ్లు కారు. మా పిల్లల బడిలో రాగి పాత్ర పోతే అడిగిన పాపానికి నాతో నెల రోజులు మాట్లాడలేదు స్టోరువాడు.

ఆ పళ్ల డాక్టరు సుహ్రాబ్‌కి మార్గిలాన్ అమ్మాయితో కుదిరింది. మనకి పలావు తినే పని ఒక్కటే మిగిలింది.

గుల్‌బారా ఉన్ని మేజోళ్లు పంపింది నాకు. నేను పరుపు కుట్టి పంపాను. మీ రాగి ఏమైనా కానీ, నాకు కొండల్లో ఒక ఇల్లు దొరికింది.

అత్తయ్య


తాష్కెంట్,
18 ఫిబ్రవరి 1984

అత్తయ్యకి,

దొంగ దొరికాడు. మనిషి కాదు, కుళాయి.

పలకలని కొలిమిలో పెట్టే ముందు ఏ మలినమూ లేని నీళ్లతో కడుగుతారు. ఆ నీళ్ల పైపులో ఉండాల్సిన ప్లాస్టిక్ కుళాయి నిరుడు ఏదో పండగ ముందు విరిగింది. పని ఆగకూడదని ఎవరో ఇత్తడిది బిగించారు. ఇత్తడిలో ఉండేది సగానికి పైగా రాగే. అంత శుద్ధమైన నీళ్లు లోహాన్ని కొంచెం కొంచెం కరిగిస్తూనే ఉంటాయి. ఆ రాగి పలకకి అంటుకుని, కొలిమి వేడికి లోపలికి ఇంకిపోయింది. తాత్కాలికం అని బిగించింది అందరూ మరిచిపోయారు.

దాన్ని బిగించమని చెప్పింది ఎసెన్‌బెక్కే. వెతుకుతూ వెతుకుతూ తన నిర్ణయం దగ్గరికే వచ్చి ఆగాడు. మాట్లాడకుండా మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. అతను కుళాయి విప్పి, సమావేశంలో బల్ల మీద పెట్టి, "ఇది నేను పెట్టించింది" అన్నాడట. డైరెక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "ఇంతేనా? నేను ఏ పెద్ద రోగమో అనుకున్నాను" అన్నారట. బోనసు పోయింది, ఉద్యోగం ఉంది. ఫోనులో ఇదంతా చెబుతూ అతను తేలిగ్గా నవ్వాడు.

కొత్త కుళాయితో కడిగిన పలకలు మార్చిలో నవ్రూజ్ పండగ తర్వాత వస్తాయి. అవి శుభ్రంగా ఉంటే తెరంతా ఖాళీగా కనిపించాలి. ఒక్క చుక్క కనిపించినా మేం ఓడినట్టే. కమిటీ కూడా అప్పుడే వస్తానంది. మాస్టారు ఇప్పటినుంచే యంత్రాన్ని బట్టతో తుడుస్తున్నారు, దానికేదో పెళ్లిచూపులున్నట్టు.

కళ్లజోడు వచ్చిందా? ఈ పేజీ రోబియాని తిప్పనివ్వకండి.

ముయస్సర్


టెలిగ్రాం
తాష్కెంట్, 4 ఏప్రిల్ 1984

రోజంతా వెతికాం. ఎక్కడా ఏమీ లేదు. మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఉత్తరం రాస్తా. ముయస్సర్


కోకంద్,
5 ఏప్రిల్ 1984

నా చిట్టితల్లి ముయస్సర్,

టెలిగ్రాం అందింది. కళ్లజోడు ఇంకా రాలేదు, నీ కిందటి ఉత్తరంలో సైన్సు పేజీ తిప్పేసిన రోబియా ఇది మాత్రం రెండుసార్లు చదివింది, నేను పోస్టుమాన్ చేత ఇంకోసారి చదివించాను. ఏమీ లేదు అనే ఉంది.

ఏడవకు తల్లీ. రోజంతా చీకట్లో కూర్చుని వెతికావు, దొరకలేదు. అందులో నీ తప్పేముంది? అంత చిన్నవి కనపడకపోతే కనపడవు. నాకు మొన్న చేతిలో ఉన్న సూదే కనపడలేదు. యంత్రాన్ని తీసుకుపోతే పోనీ. నువ్వు ఏదైనా చూసినా మా పిల్లవే, ఏమీ చూడకపోయినా మా పిల్లవే. ఇక్కడ వీధి వీధంతా నీ కోసం దిగులుపడుతోంది. మీ నాన్నకి చెప్పాను. ఈసారి "ఊ" అనలేదు. లేచి కోటు వేసుకుని, "టికెట్లు నేను తెస్తాను" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్లయిందో.

అందుకని శనివారం రైలుకి నేనూ మీ నాన్నా వస్తున్నాం. పలావుకి బియ్యం, క్యారెట్లు, మాంసం అన్నీ తెస్తున్నాను, మీ హాస్టల్లో పెద్ద మూకుడు ఉంటే చాలు. మీ మాస్టారిని పిలువు. పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నారని విని అక్రోటు కాయలు ఇంకో సంచి కట్టాను. ఆయన్ని ఒంటరిగా వదలకు, కప్పు కూడా చేతికి అందించు.

ఆ లిఫ్టువాళ్లనీ, నిన్ను మెట్ల మీద తిట్టుకున్నవాళ్లనీ కూడా పిలువు. దుఃఖంలో మనుషులు చుట్టూ ఉండాలి.

ఇది కవర్లో పెడుతుంటే ఇంకో టెలిగ్రాం వచ్చింది. జర్‌బులాక్ నుంచి, ఎసెన్‌బెక్‌ది. "ఏమీ లేదు. ధన్యవాదాలు అత్తయ్యా" అని ఉంది. ఆ అబ్బాయి పెంపకం చూడు. ఏమీ లేకపోయినా ధన్యవాదాలు చెప్పాడు.

అత్తయ్య